మూడు పది స్పెషల్

మా పిన్నిని బస్టాండులో పేరు పెట్టి పిలిచేవాళ్ళు లేరు. డ్రైవర్లూ కండక్టర్లూ అందరూ బోర్డమ్మ అనేవారు. ఎంక్వయిరీ గదిలో ఆమె కుర్చీ వెనక గోడంతా ఒక నల్లబోర్డు ఉండేది. దాని మీద తెల్ల పెయింటుతో రూటు నంబర్లు, ప్లాట్‌ఫాంలు, బయల్దేరే వేళలు రాసి ఉండేవి. పిన్ని వెనక్కి తిరిగి దాన్ని చదవడం మాత్రం ఎవరూ చూసి ఉండరు. కిటికీ అద్దానికున్న గుండ్రటి కన్నం దగ్గర ఒక మొహం వంగి, వెళ్ళాల్సిన చోటు పేరు సగం అనేలోపే లోపలినుంచి జవాబు వచ్చేసేది.

"ఏడో ప్లాట్‌ఫాం. ఇరవై రెండో నంబరు. పన్నెండు నలభై. తర్వాతెవరు?"

ఇరవై రెండేళ్ళు ఆమె చేసిన ఉద్యోగం అదే. సెలవులకి రెండు మూడు రోజులు ఊరు చూడడానికి వచ్చేవాళ్ళంటే ఆమెకి ప్రత్యేకమైన ఇష్టం. చేతిలో సంచులతో, ఏది ముందు చూడాలో తెలియక తికమకపడుతున్న కుటుంబం కిటికీ ముందుకి వస్తే పిన్ని మొహం వెలిగేది. పాత డ్యూటీ షీటు ఒకటి తీసి, దాని వెనక వైపు మూడు గీతలు గీసి, పొద్దున ఎక్కడ, మధ్యాహ్నం ఎక్కడ, ఏ బస్సు దిగి ఏ బస్సు ఎక్కాలి అన్నీ రాసిచ్చేది. వెనక వరసలో వాళ్ళు గొడవపడితే, "ఉండవయ్యా, నీ బస్సుకింకా పదకొండు నిమిషాలుంది, నాకు తెలీదా?" అని కసురుకునేది.

ఎప్పుడైనా ఎవరో ఒకరు తిరిగొచ్చి, "మీరు చెప్పిన బస్సు రాలేదండీ" అనేవారు.

"మీరు లేటుగా వెళ్ళుంటారు," అనేది పిన్ని. అంతకుమించి ఆలోచించేది కాదు. బోర్డు తప్పు చెప్పదు. బోర్డులో ఉన్నదాన్ని తను తప్పు చెప్పదు. ఇక మిగిలింది వచ్చినవాళ్ళే కదా.

ఆమె అందరికీ దారి చెప్పిన చోట్లలో ఒక్కటీ ఆమె సరిగా చూడలేదు. వారానికి ఒకరోజు సెలవు. ఆ రోజు బట్టలు ఉతుక్కోవడానికీ నిద్రపోవడానికీ సరిపోయేది. పెళ్ళయిన కొత్తలో బాబాయి ఒకసారి సముద్రానికి తీసుకెళ్ళాడట. ఆ రోజు చెప్పు తెగింది. అది తప్ప మరేమీ గుర్తులేదని చెప్పేది. బాబాయికి మార్కెట్ వీధిలో తాళాలు బాగుచేసే చిన్న కొట్టు ఉంది. "మీ పిన్ని నిద్రలో కూడా ప్లాట్‌ఫాం నంబర్లు కలవరిస్తుందమ్మా. పక్కన పడుకున్న పాపానికి నేను రోజూ ఏదో ఒక ఊరు పోయొస్తుంటాను," అని నాతో అనేవాడు.

ఇక పెద్దమ్మ సంగతి. మా అమ్మకీ పిన్నికీ అక్క ఆమె. అమ్మమ్మ తొందరగా పోవడంతో ఈ ఇద్దరికీ జడలు వేసి, అన్నం పెట్టి, బడికి పంపి పెంచిందామె. భర్త పోయాక ఒంటరిగానే ఉండిపోయింది. రైల్లో ఆరుగంటల దూరంలో ఉన్న ఊళ్ళో, చొక్కాలు కుట్టే ఫ్యాక్టరీలో పని. కుట్టి వచ్చిన ప్రతి చొక్కానీ బల్లమీద పరిచి, గుండీ ఊడిందా, కుట్టు తప్పిందా, దారం వేలాడుతోందా అని చూసి ముద్ర వేసే చెకింగ్ సెక్షన్లో పద్దెనిమిదేళ్ళుగా ఉంది. ఆమె చేతిలోంచి వెళ్ళిన చొక్కా వెనక్కి రాదని పేరు.

ఒకరోజు సాయంత్రం పెద్దమ్మ ఇంటిముందు నిలిపి ఉన్న సైకిల్ మీద పడిపోయింది. తర్వాత తలుపు అంచుకి భుజం కొట్టుకోవడం, పక్కన నిలబడ్డ మనిషిని గుద్దేయడం ఎక్కువైంది. పొద్దు వాలితే గదిలో కుర్చీ ఎక్కడుందో చేత్తో తడుముకోవలసి వచ్చేది. కళ్ళ డాక్టరు రెండు రోజులు పరీక్షలు చేసి, తన పిడికిలిని గొట్టంలా చేసి కంటి దగ్గర పెట్టి చూపించాడట. "చూపు పక్కలనుంచి మూసుకొస్తోందమ్మా. ఇప్పుడు ఇంత ఉంది. నెమ్మదిగా ఇంత అవుతుంది. తర్వాత ఇంత." ప్రతి మాటకీ పిడికిలి బిగిస్తూ పోయాడు. మందు లేదు. ఎన్నాళ్ళు పడుతుందో చెప్పలేమన్నాడు. చీకటి పడ్డాక కనిపించకపోవడం కూడా అందులో భాగమే, అది ఇక బాగుపడదు.

ఫ్యాక్టరీలో ఎవరికీ చెప్పలేదు. అమ్మకి చెప్పింది, పిన్నికి ఫోన్ చేసి చెప్పింది. పిన్ని ఏడుస్తుంటే, "ఏడుపాపి నా మాట విను," అంది పెద్దమ్మ. "చిన్నవన్నీ నాకు చివరిదాకా కనిపిస్తాయట. సూదిలో దారం ఎక్కిస్తాను, నీ మొహం చూస్తాను. పెద్దవే ముందు పోతాయి. అందుకని పెద్దవి ముందు చూసేద్దామనుకుంటున్నాను."

"పెద్దవంటే?"

"నేను సముద్రం చూడలేదే."

"చూపిస్తానక్కా."

"ఈ చివర్నుంచి ఆ చివరిదాకా ఒక్కసారి చూడాలి. ముక్కలు ముక్కలుగా కాదు."

ఫ్యాక్టరీలో రెండు రోజులు సెలవు దొరికింది. ఆదివారం కలిపి మూడు. శుక్రవారం పొద్దున రైలు దిగి, ఆదివారం రాత్రి రైలెక్కాలి. సోమవారం తప్పించుకోవడానికి లేదు. చెకింగ్ సెక్షన్లో వాళ్ళందరికీ ఆ రోజు కంటి పరీక్ష పెడుతున్నారు. రానివాళ్ళని పనిలోంచి తీసేస్తామని నోటీసు అంటించారు.

పిన్ని కూడా ఆ మూడు రోజులకీ సెలవు పెట్టి, వారం రోజులు కూర్చుని ప్లాన్ వేసింది. నేను ఆ కాగితం చూశాను. ఎవరెవరికో వేలసార్లు రాసిచ్చినట్టు కాదు, రూళ్ళకర్రతో గీతలు కొట్టి రాసింది. ప్లాట్‌ఫాం, నంబరు, ఎక్కే టైము, దిగే స్టాపు, దిగాక ఎన్ని అడుగుల నడక. ప్రతి వరస చివరా "ఎడమవైపు కిటికీ" అనో "ముందు సీటు" అనో ఉంది. అక్కకి జనంలో పక్కనుంచి వచ్చేది కనిపించదు కాబట్టి, కిక్కిరిసే బస్సులన్నీ తీసేసింది. మధ్యలో దిగి బస్సు మారవలసినవన్నీ తీసేసింది. అలా ఏరివేస్తూ పోతే సముద్రానికి మిగిలింది ఒక్కటే. అరవై ఒకటి స్పెషల్. ఆదివారాలు మాత్రమే, మధ్యాహ్నం మూడు పదికి. పాత మార్కెట్ స్టాండులో మొదలవుతుంది కాబట్టి సీట్లు ఖాళీగా ఉంటాయి. ఎక్కడా మారక్కర్లేదు. నాలుగూ ఐదుకి నేరుగా ఒడ్డున దింపుతుంది. పొద్దు వాలడానికి గంటన్నర పైనే ఉంటుంది.

కాగితం మీద అది ఎంత బాగుందో చూస్తే నాకే ముచ్చటేసింది.

శుక్రవారం పొద్దున పెద్దమ్మ రైలు దిగి ఇంటికొచ్చేసరికి బాబాయి స్కూటర్ తుడుస్తున్నాడు. "వదినా, టీ తాగి రండి. నలభై నిమిషాల్లో సముద్రం ముందు నిలబెడతాను. కొట్టు మధ్యాహ్నం తెరుచుకుంటాను. జనానికి తాళాలు అప్పటిదాకా పోవులే," అన్నాడు.

పెద్దమ్మ లేచి చెప్పులు వేసుకోబోయింది.

"ఏంటిది? ప్లాన్ అంతా పాడుచేస్తారా?" అంది పిన్ని వంటింట్లోంచి. "ఆ గోతుల రోడ్డులో స్కూటర్ మీద కూర్చోబెట్టి అక్కని ఎక్కడ పడేస్తారో! ఆదివారం హాయిగా సీట్లో కూర్చుని వెళ్తుంది. ఇవాళ మ్యూజియం. తొమ్మిదీ ఇరవైకి పద్నాలుగో నంబరు."

"మ్యూజియంలో ఏముంటాయే?" అంది పెద్దమ్మ.

"అందరూ బాగుంటుందనే అంటారు."

"మీ చెల్లెలికి తెలిసింది దారి అడిగినవాళ్ళే వదినా, చూసొచ్చినవాళ్ళు కాదు," అన్నాడు బాబాయి. పిన్ని గరిటె చూపించింది. ముగ్గురూ నవ్వుకున్నారు. స్కూటర్‌ని మళ్ళీ గోడకి ఆనించి బాబాయి కొట్టుకి వెళ్ళిపోయాడు.

పద్నాలుగో నంబరు తొమ్మిదీ ఇరవైకి వచ్చింది. మ్యూజియంలో అద్దాల పెట్టెల్లో పాత నాణేలు, పూసలు, వేలెడంత బొమ్మలు. పెద్దమ్మ వాటన్నిటినీ ఓపిగ్గా చూసింది. ఒక బొమ్మకి చెవిపోగు విరిగిందని కనిపెట్టి కాపలా మనిషికి చెప్పింది కూడా. మధ్యాహ్నం చేపల తొట్లున్న పార్కు. తిరిగొచ్చే బస్సు కూడా నిమిషం తేడా లేకుండా వచ్చి ఆగింది. "చూశావా?" అంది పిన్ని. ఆ రోజు ఆమె ఆ మాట ఎన్నిసార్లు అందో లెక్కలేదు. ఇరవై రెండేళ్ళు లోపల కూర్చుని చెప్పిన వేళలకి నిజంగా బస్సులు వచ్చి ఆగుతుంటే, వాటిని తనే తోలుకొచ్చినంత గర్వంగా ఉండిందని తర్వాత నాతో చెప్పింది.

రెండోరోజు కొండమీది లైట్‌హౌస్ తోట. బస్సు పైదాకా వెళ్తుంది. పైన రెయిలింగ్ పట్టుకుని పెద్దమ్మ చాలాసేపు నిలబడింది. కింద ఇళ్ళు, రోడ్లు, వంతెన. వాటన్నిటి వెనక పొగమంచులో బూడిదరంగు గీత ఒకటి.

"అదేనా?"

"అదే. రేపు."

"దగ్గరికి పోతే ఇంతే ఉంటుందా, పెద్దగా ఉంటుందా?"

"భలేదానివక్కా. పెద్దగా ఉండకపోతే ఇంతమంది దానికి బస్సు అడుగుతారా?"

ఆదివారం పొద్దున గంటల స్తంభం, దాని పక్క రాతి వంతెన. ఇంట్లో తెచ్చుకున్నది అక్కడే ఒక బెంచీ మీద తిన్నారు. రెండూ యాభైకల్లా పాత మార్కెట్ స్టాండుకి చేరుకున్నారు. స్టాండంటే రేకుల పందిరి, సిమెంటు దిమ్మె, తుప్పుపట్టిన స్తంభం మీద చెరిగిపోయిన నంబర్లు. అంతే. పందిరికి ఆనుకుని పేపర్లూ పుస్తకాలూ అమ్మే కొట్టు. వేరే ప్రయాణికులెవరూ లేరు. పిన్ని సంతోషించింది. కావలసిన సీటు తప్పకుండా దొరుకుతుంది.

మూడు పది అయింది. మూడుంపావు అయింది.

పేపర్ల కొట్టాయన కళ్ళజోడు పైకి జరిపి, "ఎక్కడికమ్మా?" అన్నాడు.

"సముద్రానికి. మూడు పది స్పెషల్."

ఆయన నవ్వి, "ఇంకా ఎవరూ రాలేదేమిటా అనుకుంటున్నాను. ఈ వారం మీరన్నమాట," అన్నాడు.

"ఏమంటున్నాడే?" అని అడిగింది పెద్దమ్మ.

"ఆ బండి ఆగిపోయి రెండేళ్ళు దాటిందమ్మా," అన్నాడాయన పెద్దమ్మ వైపు తిరిగి. "ఎందుకాపారో ఎవరికీ చెప్పలేదు. ఒక ఆదివారం రాలేదు, తర్వాత ఇంకెప్పుడూ రాలేదు. కానీ బస్టాండు కిటికీలో ఒక మహాతల్లి ఉంది. ఆవిడ లెక్కలో ఇంకా నడుస్తూనే ఉంది. వారం వారం ఎవరో ఒకరిని నా నెత్తిన పడేస్తుంది. పోయిన వానాకాలం ఒక ముసలాయన మనవరాల్ని వెంటేసుకుని వచ్చాడు. రాదు తాతా అంటే వినడే! ఆవిడ చెప్పిందంటే రాతి మీద రాసినట్టే అంటాడు. ఐదింటిదాకా నిలబడ్డాడు. పిల్ల ఇదిగో, ఈ దిమ్మె మీదే నిద్రపోయింది."

"ఆయన లేటుగా వచ్చుంటాడు," అంది పిన్ని.

"లేని బండికి లేటేమిటమ్మా?"

ఇక్కడే పిన్ని చేసిన పని ఉంది. తర్వాత ఎన్నోసార్లు అదే తలుచుకుని కుమిలింది. ఆ మాట వినగానే అక్క చెయ్యి పట్టుకుని బయల్దేరి ఉంటే వేళకి చేరేవాళ్ళు. ఆమె కదల్లేదు. కొట్టాయన మాట నమ్మితే అనుమానించాల్సింది ఆ ఒక్క బస్సునే కాదు, బోర్డు మొత్తాన్ని. అది ఆమెకి అప్పుడే తోచిందో లేదో తెలియదు గాని, కాళ్ళు మాత్రం అక్కడే పాతుకుపోయాయి.

"ఆదివారం కదా, కాస్త ఆలస్యమై ఉంటుంది," అంది. ఒక బస్సు ఆలస్యమవుతుందని ఆమె అనడం బహుశా అదే మొదటిసారి.

మూడున్నర అయింది. పందిరి నీడ రోడ్డు సగందాకా జరిగింది.

"చెల్లీ, ఏదో ఒకటి ఎక్కేద్దామే."

"వస్తుందక్కా. నాకు తెలుసు."

"నీకు తెలుసు సరే. బస్సుకి తెలుసా?"

పిన్ని నవ్వలేదు. స్తంభం దగ్గరికి వెళ్ళి చెరిగిపోయిన అంకెల మీద దుమ్ము చీరకొంగుతో తుడిచింది. అరవై ఒకటి అని స్పష్టంగానే ఉంది. కొట్టాయనకి అది చూపించింది. ఆయన జాలిగా చూసి, మళ్ళీ పేపరులో తలదూర్చాడు.

నాలుగు కావస్తుండగా పెద్దమ్మ దిమ్మె మీంచి లేచింది. "నువ్వు నిలబడు. నేను ఎవర్నైనా అడుక్కుని వెళ్తాను," అంది. గట్టిగా అనలేదు. చిన్నప్పుడు అన్నం దగ్గర మారాం చేస్తే పళ్ళెం తీసేసేటప్పుడు ఆ గొంతుతోనే అనేదట. అప్పుడు కదిలింది పిన్ని.

అంత దూరం వస్తానన్న ఆటో దొరకడానికి పావుగంట పట్టింది. వచ్చినవాడు కూడా, "సముద్రం రోడ్డు వంతెన దాకే. ఆదివారం సాయంత్రాలు వంతెన అవతలికి బండ్లు పోనివ్వరు. అంతా జనమే," అని ముందే చెప్పాడు. ఆ సంగతి పిన్నికి తెలియదు. బోర్డు మీద అలాంటివి ఉండవు. వంతెనకి మైలు ముందే రోడ్డు ఆగిపోయింది. కార్లు, స్కూటర్లు, పిల్లల ఏడుపులు. ఆటో ముందుకి జరగడం లేదు. పెద్దమ్మ తల బయటికి పెట్టి సూర్యుడెక్కడున్నాడో చూస్తూ కూర్చుంది.

"ఇంకా ఉన్నాడా?"

"ఉన్నాడక్కా."

వంతెన దగ్గర దిగేసరికి ఐదుంపావు. అక్కడినుంచి నడక. ఎంత దూరమో పిన్ని ప్లాన్లో లేదు. స్పెషల్ ఒడ్డునే దింపుతుంది కదా మరి. పెద్దమ్మ చెల్లెలి భుజం మీద చెయ్యేసి నడిచింది. ఎదురుగా వచ్చేవాళ్ళని తప్పుకోగలుగుతోంది, పక్కనుంచి వచ్చేవాళ్ళు గుద్దుకుంటున్నారు. బెలూన్ల బండి అంచు మోకాలికి తగిలింది. ఆగింది, మళ్ళీ నడిచింది. "తొందరగా పోదాం" అని ఒక్కసారే అంది. తర్వాత అడుగులు చిన్నవి కావడం పిన్ని గమనించింది. ఆ తర్వాత భుజం మీద వేళ్ళు బిగుసుకోవడం గమనించింది. అందరికీ అది ఇంకా సాయంత్రమే. ఆకాశం ఎర్రగానే ఉంది. పెద్దమ్మకి మాత్రం చుట్టూ ఉన్నవి ఒక్కటొక్కటే ఆరిపోతున్నాయి.

కాళ్ళకింద ఇసుక తగిలింది.

"వచ్చేశామా?"

"వచ్చాం."

"ఎటు?"

పిన్ని రెండు భుజాలూ పట్టుకుని ఆమెని తిప్పి నిలబెట్టింది. పెద్దమ్మ కళ్ళు పెద్దవి చేసుకుని చూసింది.

"అక్కడ ఏవో లైట్లున్నాయి."

"అది పడవ అక్కా. దూరంగా."

"మధ్యలో నల్లగా ఉన్నదంతా?"

"అదే."

హోరు మాత్రం వస్తోంది. ఒక అల వచ్చి ఇద్దరి పాదాలూ తడిపింది. పెద్దమ్మ ఉలిక్కిపడి వెనక్కి జరిగింది. అది రావడం ఆమెకి కనిపించలేదు. చుట్టూ పిల్లలు కేకలు వేస్తున్నారు. ఎవరో ఫోటో కోసం పక్కకి జరగమన్నారు. జరిగారు.

చాలాసేపటికి, "ఆ పేపర్లాయన చెప్పిన ఆవిడ నువ్వేగా?" అంది పెద్దమ్మ.

"నేనే."

"ఎంతమందిని నిలబెట్టావే."

తిట్టినట్టు లేదట ఆ మాట. తిట్టినా బాగుండేదని పిన్ని నాతో అంది. "నీకు తెలీదు కదా" అని కూడా అనలేదు. అప్పుడు పిన్ని ఇసుకలో కూలబడి, అక్క చెయ్యి పట్టుకుని బతిమాలింది.

"ఇవాళ వెళ్ళకక్కా. రేపు పొద్దున్నే ఆయన స్కూటర్ మీద తీసుకొస్తారు. సూర్యుడు రాకముందే వచ్చి కూర్చుందాం. నీ కాళ్ళు పట్టుకుంటాను, ఒక్క రోజు ఉండు."

"రేపు టెస్టు."

"ఎలాగూ తీసేస్తారేమో. అప్పుడు ఉద్యోగమూ ఇదీ రెండూ పోతాయి."

"తీసేస్తే తీసేయనీ. నేను వెళ్ళకుండా తీసేస్తే, నేనే పోగొట్టుకున్నట్టవుతుంది," అంది పెద్దమ్మ. ఇసుక దులుపుకుని, "నన్ను స్టేషన్‌కి చేర్చు. ఆటోలోనే," అంది. ఆ చివరి మాట పిన్నికి గుచ్చుకుంది. పెద్దమ్మ గుచ్చాలనే అందో లేదో నాకు తెలియదు. అడగలేదు.

సోమవారం కంటి పరీక్ష గోడమీద అక్షరాలు చదవడమే. ఎదురుగా ఉన్నది చిన్నదైనా ఆమెకి కనిపిస్తుంది. చివరి వరసదాకా తడుముకోకుండా చదివేసింది. సెక్షన్లో అందరికంటే బాగా చదివిందామేనట. ఉద్యోగం నిలిచింది. అప్పటినుంచి సూపర్‌వైజరు ఆమె బల్లమీదికి మిగతావాళ్ళ కంటే ఎక్కువ చొక్కాలు పంపడం మొదలుపెట్టాడు. సెలవడిగినప్పుడల్లా, "నీలాంటి కళ్ళున్నవాళ్ళు నాకు ఇంకెవరున్నారమ్మా?" అనేవాడు. అలా నెలలు గడిచాయి.

అదే సోమవారం పిన్ని డ్యూటీకి గంట ముందే వెళ్ళి, కిరసనాయిలు గుడ్డతో బోర్డు మీద అరవై ఒకటి స్పెషల్ వరస తుడిచేసింది. తర్వాత మిగిలిన వరసలు చూస్తూ నిలబడింది. ఇందులో ఇంకేవేవి లేవో ఆమెకి తెలియదు. ఆ రోజు కిటికీ దగ్గరికి వచ్చినవాళ్ళకి, "బోర్డు మీదైతే పన్నెండు నలభై అని ఉంది. వస్తుందో లేదో అక్కడ కనుక్కోండి," అని చెప్పింది. మధ్యాహ్నానికి సూపరింటెండెంట్ పిలిపించాడు.

"ఆర్డరు లేకుండా బోర్డెలా చెరుపుతావు?"

"ఆ బస్సు లేదండీ."

"బస్సు లేకపోవడం వేరు. బోర్డు మీద లేకపోవడం వేరు. రద్దయినట్టు నాకు కాగితం రాలేదు. కాగితం వచ్చేదాకా ఉన్నట్టే."

"జనం నిలబడుతున్నారండీ అక్కడ."

"నీకు కాగితం కావాలా, జనం కావాలా?" అని ఆయన విసుక్కున్నాడు. మెమో ఇచ్చాడు. పెయింటరుని పిలిచి ఆ వరస మళ్ళీ రాయించారు. పిన్నిని బస్సుల్లో మర్చిపోయిన సామాన్లు పెట్టే గదికి మార్చారు. గొడుగులు, టిఫిన్ డబ్బాలు, ఒంటి చెప్పులు. అక్కడికి పెద్దగా ఎవరూ రారు. ఎవరైనా దారి అడిగితే, "నాకు తెలీదండీ" అంటుంది. ఆమె కిటికీలో ఇప్పుడు కొత్తమ్మాయి కూర్చుంటోంది. వెనక్కి తిరిగి చదివి చెప్తుంది. మూడు పది స్పెషల్ కూడా చెప్తుంది. పిన్ని ఆ అమ్మాయికి రెండుసార్లు చెప్పి చూసింది. "మేడమ్, బోర్డు మీద ఉంది కదా," అని ఆ అమ్మాయి మర్యాదగానే అంది.

పదకొండు నెలల తర్వాత ఫ్యాక్టరీలో పక్కనుంచి వచ్చిన తోపుడు బండి పెద్దమ్మకి కనిపించలేదు. మణికట్టు విరిగింది. ఆస్పత్రిలో సంగతంతా బయటపడింది. పని పోయింది. కట్టు విప్పాక బాబాయి వెళ్ళి ఆమెని తీసుకొచ్చాడు.

వచ్చిన మర్నాడే పొద్దున్నే ముగ్గురూ ఆటోలో బయల్దేరారు. ఏ కాగితమూ రాసుకోలేదు. వంతెన ఖాళీగా ఉంది. ఒడ్డుదాకా వెళ్ళి ఆగింది ఆటో. ఎండ తెల్లగా కాస్తోంది. జనం లేరు. పడవలు కూడా లేవు. పిన్ని అక్కని నీళ్ళ అంచుకి కాస్త ఇవతల నిలబెట్టింది. బాబాయి చెప్పులు పట్టుకుని దూరంగా ఉండిపోయాడు.

"కనిపిస్తోందా?"

"ఆఁ. నీళ్ళు."

"ఎంత?"

పెద్దమ్మ బాగున్న చేతిని చాచి, బొటనవేలూ చూపుడువేలూ కలిపి గుండ్రంగా పెట్టి చూపించింది. "ఇంత. మెరుస్తోంది."

తర్వాత ఎడమవైపు తిరిగింది. అక్కడినుంచి నెమ్మదిగా, కుట్టు తప్పిందేమోనని చొక్కా అంచు చూసుకుంటూ పోయినట్టు, తల కుడివైపు తిప్పడం మొదలుపెట్టింది. కొంచెం తిప్పి ఆగుతుంది, చూస్తుంది, ఇంకొంచెం తిప్పుతుంది. మెడ నరాలు తేలాయి. ఒకచోట తల తిరిగినట్టై కళ్ళు మూసుకుంది. మళ్ళీ తెరిచి కాస్త వెతుక్కుంది.

"చెల్లీ, ఇది ఇందాక చూసిన చోటేనా? కొత్తదా?"

పిన్ని ఆమె చూస్తున్న వైపు చూసింది. ఇటు చూసినా అటు చూసినా అవే నీళ్ళు. అక్క కళ్ళు ఎక్కడిదాకా వచ్చి ఆగాయో చెప్పడానికి అంత వెడల్పులోనూ గుర్తు ఒక్కటి కూడా లేదు.

"తెలియడం లేదక్కా," అంది.

పెద్దమ్మ తలూపి, మళ్ళీ ఎడమనుంచి మొదలుపెట్టింది.